దుర్గేశ్ చూసిన గ్రహం

దుర్గేశ్ చూసిన గ్రహం ఇంకెవరికీ కనిపించలేదు.

కొండ మీది పాత టెలిస్కోపును అతను ఆరేళ్లు తిప్పలుపడి కొత్తగా తీర్చిదిద్దాడు. గాలి కదలికకు తగ్గట్టు సెకనుకు వెయ్యిసార్లు వంగే పల్చటి అద్దం పెట్టాడు. నక్షత్రపు వెలుగును కప్పేయడానికి గోరంత బిళ్ళ పెట్టాడు. ఆ వెలుగు కప్పగానే పక్కన చిన్న చుక్క కనిపించింది. వేరే సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం! పరిశోధన పత్రం అచ్చయింది, శాలువాలు కప్పారు. ఇప్పుడేమో మూడు దేశాలవాళ్లు వెతికి చూసి, అక్కడేమీ లేదని తేల్చారు.

"కళ్లు కుట్టి అంటున్నారు మాస్టారూ" అన్నాడు, తనకు ఆ పని నేర్పిన, ఆ కొండ మీది కేంద్రానికి పెద్ద అయిన పరాంకుశం గారితో.

మిట్టమధ్యాహ్నం, టెలిస్కోపు మీది గోపురం మూసే ఉంది. మాస్టారు మెల్లగా మెట్లెక్కి, నక్షత్రపు వెలుగు పరికరంలోకి వచ్చే దారిలో చిన్న దీపం అమర్చి స్విచ్చి వేశారు.

తెర మీద దీపం వెలుగు బిళ్ళ చాటుకి పోయింది. పక్కన అదే చోట, అదే చుక్క.

"దీని చుట్టూ కూడా తిరుగుతోందా?"

దుర్గేశ్ తెర దగ్గరికి వంగి చూశాడు. "బిళ్ళ మీద గీత పడ్డట్టుంది. వెలుగు దానికి తగిలి చుక్కలా కనిపిస్తోంది."

"ఇలా దీపం పెట్టి చూద్దామని ఎవరూ అనలేదా?"

"జుబేదా అంది."

అద్దాన్ని వంచే లెక్కలన్నీ ఆమెవే. పత్రం పంపేముందు రెండుసార్లు అడిగింది, రెండోసారి అందరి ముందూ. మర్నాడే అతను, ఈమెతో పని సాగదని మాస్టారికి రాసిచ్చాడు. ఆమె కొండ దిగి వెళ్లిపోయింది. పత్రంలో ఆమె పేరు కూడా లేదు.

"ఆమెను పిలిచి నేనూ ఒక్క మాట అడగలేదు. నువ్వు రాశావని సంతకం పెట్టేశాను" అన్నారు మాస్టారు. దీపం ఆర్పేశారు.

"పత్రం వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాస్తాను మాస్టారూ."

"రాయి. కానీ అది రెండో ఉత్తరం."

దుర్గేశ్ తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. జుబేదా అని రాశాడు. కాసేపాగి పక్కన గారు అని చేర్చాడు. ఆరేళ్లలో ఆమెను ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

ఆ తర్వాతి మాట సాయంత్రమైనా రాలేదు.