ఎల్లమంద తగ్గించిన మాటలు

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని భీమవర్మ అనే రాజు ఏలేవాడు. మంచివాడే. కానీ నోరు తెరిస్తే ముత్తాతగారి దండయాత్రలతో మొదలుపెట్టి, ఎప్పటికో అసలు సంగతికి వచ్చేవాడు.

ఒక వానాకాలం ఆనకట్ట అంచుదాకా నిండింది. ఎల్లుండి తెల్లవారగానే తూములు ఎత్తాలి. పల్లపు వీధులవాళ్లకు ఆ కబురు చెప్పమని, దండోరా వేసే ఎల్లమందను కొలువుకు పిలిచి, రాజు జాముసేపు ఆశువుగా ఆజ్ఞ వినిపించాడు.

"ఒక్క మాట తగ్గినా నీ డప్పు లాక్కుంటాను!"

ఎల్లమంద ఇంటికి కూడు పెట్టేది ఆ డప్పే.

అతను పల్లపు వీధి మొదట్లో డప్పు వాయించి, చిట్టచివరి ఇంటి తలుపు తెరుచుకునేదాకా ఆగాడు. ఆ గడపలో నిలబడ్డ మనిషి ముఖం చూస్తూ మూడు ముక్కల్లో చెప్పి, మరో వీధికి పోయాడు.

సాయంత్రానికల్లా సంగతి రాజు చెవిన పడింది.

"ఏరా, నా మాటలు ఏం చేశావు?"

"ఏది తగ్గిందో సెలవివ్వండి ప్రభూ, ఇప్పుడే వెళ్లి చెప్పొస్తాను."

"బోలెడు తగ్గాయి!"

"ఒక్కటి చెప్పండి, చాలు."

రాజు నోరు తెరిచాడు. ముత్తాతగారు గుర్తొచ్చారు గానీ, ఆ తరువాత ఏమన్నాడో తట్టలేదు. మంత్రి వైపు చూశాడు. మంత్రి స్తంభం వైపు చూశాడు. పొద్దున తలలూపుతూ విన్నవాళ్లంతా ఉత్తరీయాలు సర్దుకున్నారు.

"అన్న తమరికీ, విన్న వీరికీ గుర్తులేని మాట వీధిలో ఎవరికి గుర్తుంటుంది ప్రభూ? నేను చెప్పింది నిలిచిందో లేదో ఎవరినైనా అడగండి."

కోట ముందు పోతున్న మజ్జిగ అమ్మే కోటమ్మను లోపలికి పిలిచారు.

"దండోరా విన్నావా?"

"విన్నాను దొరా. ఎల్లుండి తెల్లారి తూములు ఎత్తుతారంట. ఏరు పొంగుద్దంట. గొడ్డూ గోదాని గట్టెక్కించమన్నారు. మా గేదెలు అప్పుడే ఎక్కేశాయి. ఇంతకీ మజ్జిగ పొయ్యమంటారా, వద్దా?"

రాజు నవ్వు ఆపుకోబోయి, ఆపుకోలేక పకపకా నవ్వాడు.

"ఎల్లమందా, జనంతో ఎలా మాట్లాడాలో నాకూ చెప్పరా."

"వాళ్లు మన వైపు తిరిగేదాకా మొదలుపెట్టకండి. అందరికంటే దూరాన ఉన్నవాడితో మాట్లాడండి. వాళ్లు చేయాల్సింది చెప్పగానే ఆపేయండి. బట్టీ పట్టిన మాట మరిచిపోతాం గానీ, చెప్పాలనుకున్న సంగతి మరిచిపోం ప్రభూ."

రాజు లేచి నిలబడ్డాడు. ఇక అర్ధరాత్రిదాకా కదలడానికి లేదనుకుని కొలువంతా సర్దుకు కూర్చుంది. రాజు చేతి కంకణం తీసి ఎల్లమంద చేతిలో పెట్టి, "ఇది నీది" అని కూర్చున్నాడు.

ఎల్లమంద దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"ప్రభూ, తమరి నోట ఇంత చక్కని ఉపన్యాసం నేనెన్నడూ వినలేదు!"