ఈల వినపడినంత మేర

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక ఎర్రమట్టి గట్టు. ఆ గట్టును ఏలింది పులి అనుకుంటున్నారేమో, కాదు. రేచుకుక్కలు.

ఎర్రటి ఒళ్ళు, గుండ్రటి చెవులు, కుచ్చులాంటి నల్లటి తోక. విడిగా చూస్తే ఒక్కొక్కటీ మన వీధికుక్కంత కూడా ఉండదు. కానీ ముప్పై కలిసి కదిలాయంటే పులి సైతం నోటి దగ్గరి వేటను వదిలేసి పక్కకు తప్పుకునేది. ఎందుకో తెలుసా? రేచుకుక్కలు మొరగవు. ఈల వేస్తాయి. గుబురు పొదల్లో ఎవరు ఎక్కడున్నా ఒక్క ఈలతో కబురు అందుతుంది. "ఇటు మళ్ళింది" అని ఒకటి. "నువ్వు అడ్డం వెళ్ళు" అని ఇంకొకటి. "భయపడకు, వెనక నేనున్నా" అని మరొకటి. ముప్పై ఒళ్ళు, ఒక్క ప్రాణం.

ఆ గుంపులో అందరికంటే పెద్దది జేగురవ్వ. మూతి తెల్లబడింది. ముందుపన్ను ఒకటి ఊడింది. వేటకు వెళ్ళే వయసు దాటిపోయింది కాబట్టి గుహ దగ్గర పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది. పొద్దు వాలగానే గట్టు మీది దేవర బండ వైపు తిరిగి తల వంచి, అడవితల్లికి దణ్ణం పెట్టుకునేది. తర్వాత ఆరుగురు పిల్లల్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని పెద్దల పేర్లు చెప్పించేది.

"మా అమ్మ ఎవర్రా?"

"చెంగల్వమ్మ!"

"ఏం చేసింది?"

"కార్చిచ్చు వచ్చినప్పుడు తొమ్మిది మంది పిల్లల్ని నోట కరుచుకుని వాగు దాటించింది!"

"వాళ్ళమ్మ?"

"మందారమ్మ! పులిని చెట్టెక్కించింది!"

"ఎంతసేపు?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా!"

"ఆ పులి చెట్టు మీదే ఉచ్చ పోసుకుంది కూడా!" అనేది అందరికంటే చిన్నది.

"ఆ ముక్క నేను చెప్పలేదే!"

"నాన్న చెప్పాడు."

జేగురవ్వ నవ్వు ఆపుకుని, చివరి రెండు ప్రశ్నలూ అడిగేది. అవి అడగకుండా ఏ రోజూ పడుకోనిచ్చేది కాదు.

"వేట దొరికితే ముందు ఎవరు తినాలి?"

"పిల్లలు, ముసలివాళ్ళు, కాపలా ఉన్నవాళ్ళు!"

"మన అడవి ఎంతవరకు?"

"ఈల వినపడినంత మేర!"

ఆ గుంపుకు నాయకుడు జేగురవ్వ కొడుకే. పేరు ఉద్దండుడు. పేరుకు తగ్గట్టే ఉండేవాడు. వాడు గట్టు దిగి వేటకు వెళుతుంటే తల్లి గుహ ముందు నిలబడి, కనుమరుగయ్యేదాకా చూసేది. 'మందారమ్మ నడకే' అనుకుని మురిసిపోయేది.

ఒక ఎండాకాలం, వెదురుకోనలో ఉండే నక్కలు రేచుకుక్కల వేటను రెండుసార్లు దొంగిలించాయి. ఉద్దండుడు గుంపుతో వెళ్ళి వాటిని తరిమేశాడు. కోనను తనది చేసుకున్నాడు. ఆరుగురిని అక్కడ కాపలా పెట్టాడు. అక్కడ ఈల వేస్తే గట్టు మీదికి స్పష్టంగా వినపడేది. జేగురవ్వ కూడా, "మంచి పనే చేశావు నాయనా" అంది.

నెల తిరక్కుండానే అవతలున్న మద్దిచెట్ల లోయ మీద పడ్డాడు. అక్కడి దుప్పులు చెల్లాచెదురయ్యాయి. అక్కడ ఎనిమిది మందిని కాపలా ఉంచాడు.

"లోయలో వేసిన ఈల ఇక్కడికి వినపడదురా" అంది తల్లి.

"దానికీ ఉపాయం ఆలోచించానమ్మా" అన్నాడు ఉద్దండుడు. అన్ని దారులూ కలిసే చోట, వాగు ఒడ్డున ఎత్తైన బండ ఒకటి ఉంది. దాని మీద ఇద్దరిని కూర్చోబెట్టాడు. లోయలో ఈల వినపడితే వాళ్ళు అందుకుని గట్టు వైపు వేయాలి. గట్టు మీద వినపడితే కోనకూ లోయకూ వేయాలి. ఆ బండకు పిలుపుబండ అని పేరు పడిపోయింది.

"చూశావా అమ్మా? మన ఈల పొడుగైంది!"

జేగురవ్వ తల ఊపింది. నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడింది కూడా.

కానీ ఇంట్లో ఒక మార్పు వచ్చింది. కోనలో ఉన్నవాళ్ళకు పంపాలి, లోయలో ఉన్నవాళ్ళకు పంపాలి, వేట మాత్రం పెరగలేదు. ఉద్దండుడు కొత్త కట్టుబాటు పెట్టాడు. పోరాడేవాళ్ళు ముందు తినాలి. పిల్లలకు ఎముకలు మిగిలాయి. జేగురవ్వ తన వాటా ఎముకను కూడా వాటి ముందుకు తోసి, "నాకు పళ్ళు లేవుగా, మీరే కొరకండి" అనేది.

ఒకనాడు బొంత అనే నక్క గట్టు కిందుగా వెళుతూ నిలబడింది. వెదురుకోన నుంచి తరిమేసిన నక్కల్లో అది పెద్దది.

"జేగురత్తా, కులాసానా?" అంది.

"మా వాడు తరిమేసినా నీకు బుద్ధి రాలేదటే?"

"తరిమితే వెళ్ళాను. ఇప్పుడు మళ్ళీ వచ్చేశాను. మీ ఆరుగురు కాపలావాళ్ళకు పనేముంది? తింటానికి ఎదురు చూస్తారు, నిద్రపోతారు. నేనూ వాళ్ళ పక్కనే పడుకుంటున్నా. గురక మాత్రం భరించలేకపోతున్నాను!" అని తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

జేగురవ్వకు నవ్వు రాలేదు.

తొలకరి పడింది. వాగు ఎర్రగా నిండింది. అప్పుడు ఉద్దండుడు గుహ దగ్గరికి వచ్చాడు. పక్కన గుంపులోని కసిగాడు. మాటకు ముందు పళ్ళు చూపించే రకం.

"అమ్మా, రేపు వాగు దాటుతున్నాం. అవతలి పచ్చికబయలు మనదవుతుంది."

"అది అడవి దున్నలది కదరా. అవి మనకేం చేశాయి?"

"ఏమీ చేయలేదు. ఆ ఒక్కటీ వస్తే చాలు, ఇంకేమీ అడగను."

"లోయ తీసుకున్నప్పుడూ ఇదే మాటన్నావు."

కసిగాడు గుర్రుమన్నాడు. "పెద్దదానివి, గుహలో కూర్చుని దేవర బండకు మొక్కుకోరాదా అవ్వా? యుద్ధం సంగతి అన్న చూసుకుంటాడు."

"మొక్కుతాను నాయనా. నీ పేరు చెప్పి కూడా మొక్కుతాను. నీకు అవసరం పడేట్టుంది." కొడుకు వైపు తిరిగింది. "ఉద్దండూ, వానాకాలం గడవనీ. వాగు హోరులో ఈల వినపడదు. మనకు కోరలు కాదురా బలం, ఈల బలం."

"రేచుకుక్కలు వానకు జడిశాయని నలుగురూ చెప్పుకోవాలా? పులిని చెట్టెక్కించిన మందారమ్మ వంశంలో పుట్టాను నేను!"



"మందారమ్మ పులిని చెట్టెక్కించిన మాట నిజం" అంది జేగురవ్వ. "సాయంత్రం దాకా నిలబెట్టిన మాటా నిజం. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? గుంపును పక్కకు పిలిచి, పులిని దిగిపోనిచ్చింది. చీకటి పడకముందే ఇంటికొచ్చి పిల్లలకు పెట్టింది."

ఉద్దండుడు నిర్ఘాంతపోయాడు. "ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదేం?"

"పిల్లలకు ఆ ముక్క నచ్చేది కాదు. నీకూ నచ్చలేదు చిన్నప్పుడు. అందుకని చెప్పటం మానేశాను. తప్పు నాదే."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం అమ్మా? అంతా సిద్ధమైపోయింది" అని వాడు లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు వాగు ఒడ్డున లెక్క చూసుకుంటే వాడితో కలిపి ఉన్నది పద్నాలుగు మందే. అవతల దున్నలు నలభై. కసిగాడు పిలుపుబండ వైపు చూశాడు.

"ఆ ఇద్దరూ అక్కడ ఊరికే కూర్చున్నారన్నా. వాళ్ళనూ తీసుకుపోదాం."

ఉద్దండుడు ఒక్క క్షణం ఆగాడు. తల్లి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, "దిగి రమ్మను" అన్నాడు.

అంతే. పిలుపుబండ ఖాళీ అయిపోయింది.

ఇదంతా జేగురవ్వకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఒక్కటే. మొదటి రోజు ఆవిడ గట్టు మీద నిలబడి ఈల వేసింది. పిలుపుబండ పలకలేదు. రెండో రోజు వేసింది. పలకలేదు. మూడో రోజు పొద్దున కోన వైపు నుంచి నక్కల కేకలు వినిపించాయి. బొంత తన వాళ్ళందరినీ తీసుకొచ్చింది. కాపలా ఉన్న ఆరుగురూ సాయం కోసం పిలుపుబండకు ఈల వేస్తూనే ఉన్నారు. అందుకునేవాళ్ళు లేరు. లోయలో ఉన్న ఎనిమిది మందికి ఆ సంగతే తెలియదు.

జేగురవ్వ దేవర బండ ముందు తల ఆనించింది. "తల్లీ, నా వాళ్ళను చెదరగొట్టకు" అంది. లేచి, ఆకలితో నీరసించిన ఆరుగురు పిల్లల్నీ చూసింది.

"నడవగలరా?"

"ఎక్కడికవ్వా?"

"పిలుపుబండకు."

వానలో, జారే ఎర్రమట్టిలో, ముసలిదీ పిల్లలూ నడిచారు. చిన్నది రెండుసార్లు పడింది. రెండుసార్లూ తనే లేచింది. బండ ఎక్కేసరికి కింద వాగు హోరు చెవులు మూసేసింది. అవతలి ఒడ్డు వాన తెరలో కనపడటం లేదు.

"నా పన్ను ఊడింది, నా ఈల సగం గాలికే పోతుంది" అంది జేగురవ్వ. "మీ గొంతులు చిన్నవి. విడివిడిగా వేస్తే ఎవరికీ చేరదు. అందరం ఒక్కసారే వేయాలి."

"ఎప్పుడు వేయాలవ్వా?"

"ఎంత పెద్ద వానైనా మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటుంది. మా అమ్మ చెప్పేది. అప్పుడు."

కాచుకుని కూర్చున్నారు. జల్లు పలచబడింది. గాలి ఆగింది. "ఊఁ!" అంది జేగురవ్వ. ఏడు ఈలలు ఒక్క ఈలగా లేచాయి.

ఎవరూ పలకలేదు.

మళ్ళీ వేశారు. కోన నుంచి ఒక సన్నటి ఈల వచ్చింది. లోయ నుంచి ఇంకొకటి.

"మూడోసారి, బిడ్డల్లారా! మందారమ్మకు వినపడాలి!"

మూడోసారి వేసిన ఈల వాగు దాటింది.

అవతల ఏం జరిగిందో చెప్తాను. దున్నలు మొదట వెనక్కి తగ్గాయి. "పారిపోతున్నాయి!" అని కసిగాడు ఎగిరి గంతేశాడు. అవి పారిపోలేదు. రేచుకుక్కల్ని గడ్డి నిలువెత్తున ఉండే చోటికి తీసుకెళ్ళి, దూడల్ని లోపల పెట్టుకుని, కొమ్ములు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడ్డాయి. ఉద్దండుడు 'ఎడమ వైపు' అని ఈల వేశాడు. వాన మింగేసింది. కసిగాడు కుడి వైపుకు వెళ్ళి కొమ్ములకు బలైపోయాడు. గడ్డిలో ఎవరికి వారు తామొక్కరే మిగిలామనుకున్నారు. అలా మూడు రోజులు. ఇప్పుడు ఉద్దండుడు కాలు విరిగి, పొంగిన వాగుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా దున్నల పెద్దది, నల్లగంగ.

అప్పుడు ఆ ఈల వినిపించింది.

"ఎవరిదది?" అంది నల్లగంగ.

ఉద్దండుడు తల వంచాడు. "మా పిల్లలది."

"పాలు మరిచీ మరవని పిల్లలు నిన్ను వెతుక్కునేదాకా తెచ్చావా నాయనా?" నల్లగంగ తల పక్కకు తిప్పింది. "ఎగువన రాళ్ళ దగ్గర నీళ్ళు మోకాలి లోతే. మా దూడలు అక్కడే దాటుతాయి. నీ వాళ్ళను తీసుకుని వెళ్ళు. ఇంకోసారి వస్తే మాత్రం దారి చెప్పను."

సాయంత్రానికి పిలుపుబండ కింద ఒక్కొక్కరే చేరారు. కోన నుంచి వచ్చారు, లోయ నుంచి వచ్చారు, వాగులో తడిసి వచ్చారు. ముప్పై మందికి ఇరవై ఒక్కరు. అందరికంటే చివర కుంటుకుంటూ ఉద్దండుడు వచ్చాడు. తల్లి కాళ్ళ దగ్గర తల పెట్టాడు.

"ఓడిపోయానమ్మా."

"ఓడిపోయావు" అంది జేగురవ్వ. మాట మెత్తగా ఉంది, కానీ తగ్గించి చెప్పలేదు. "కోన పోయింది. లోయ పోయింది. తొమ్మిది మంది పోయారు. కసిగాడితో సహా వాళ్ళ పేర్లన్నీ ఇవాళ్టి నుంచి మన పెద్దల పేర్లలో చేరతాయి. పిల్లలకు రోజూ అవి నువ్వే చెప్పాలి."

"చెప్తాను."

"ఇక తల ఎత్తు. పిలిస్తే వచ్చిన వాళ్ళు ఇరవై ఒక్కరు. నా మూతి తెల్లబడేదాకా చూశాను గానీ, ఇంతకంటే గొప్ప గుంపును చూడలేదు."

మర్నాడు గట్టు పక్కనే ఒక చిన్న దుప్పి దొరికింది. పిల్లలు ముందు తిన్నారు. జేగురవ్వ తింది. కాపలావాళ్ళు తిన్నారు. అందరూ ముగించాక ఉద్దండుడు వచ్చి మిగిలింది తిన్నాడు.

ఆ సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే అడిగింది.

"మందారమ్మ ఏం చేసింది?"

"పులిని చెట్టెక్కించింది!"

"ఆ తర్వాత?"

"దిగిపోనిచ్చింది! ఇంటికొచ్చి పిల్లలకు పెట్టింది!"

"మన అడవి ఎంతవరకు?"

ఈసారి ఆరు గొంతుల కంటే పెద్దగా ఒక గొంతు వెనక నుంచి పలికింది. అది ఉద్దండుడిది.

"ఈల వినపడినంత మేర!"

కిందుగా వెళుతున్న పులి ఆ మాట విని ఆగింది. ఒకసారి గట్టు వైపు చూసి, మర్యాదగా పక్కదారి పట్టింది.

నీతి: మన వాళ్ళ పిలుపు అందని చోటికి విస్తరించిన రాజ్యం మనది కాదు; పిలిస్తే పలికే పదిమందిని కాపాడుకున్నవాడే నిజమైన ఏలిక.