మదర్ ఇన్ లా

మఠంలో చేరి ఏడాది తిరగకముందే ఇన్నయ్యకు చిక్కు వచ్చిపడింది. చనిపోయిన అతని భార్య లూర్దు తల్లి మర్తమ్మ, బస్సు దిగి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయట. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళే దిక్కు లేదట. ఉన్న ఒక్క కూతురూ పోయె.

ఇన్నయ్య వసారాలోకి రాలేదు. వంటమనిషి చేత మజ్జిగ పంపించి, తిన్నగా రాయప్ప స్వామి గదికి వెళ్ళాడు. మఠంలో కొత్తవాళ్ళకు లాటినూ ఇంగ్లీషూ చెప్పే గురువు ఆయనే. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు మంచం దిగడమే గగనం.

“ఆమెను వెళ్ళిపొమ్మనండి స్వామీ. నేను బంధాలన్నీ వదులుకుని వచ్చాను.”

“ఎవరామె?”

అత్త అనడానికి ఇన్నయ్యకు నోరు రాలేదు. “మదర్ ఇన్ లా,” అన్నాడు. “చట్టం తెచ్చిపెట్టిన తల్లి. లూర్దు పోయింది, ఆ చట్టమూ పోయింది.”

“ఏ చట్టం?”

“పెళ్ళి చట్టమే కదా?”

“కోర్టుది కాదయ్యా, చర్చిది. పెళ్ళాం తల్లిని కన్నతల్లి వరసలోనే చూడాలని, ఆ వరసలో పెళ్ళి కూడదని వెనకటి రోజుల్లో పెట్టిన కట్టుబాటు. ఆ లా లోంచే ఈ మాట పుట్టింది.”

“మరి భార్య పోతే?”

“పోయినా వరస పోదన్నారు.”

ఇన్నయ్య తల వంచుకున్నాడు. “ఆమెది అచ్చం లూర్దు గొంతే స్వామీ. నేను వినలేను.”

స్వామి మెల్లగా కాళ్ళు కిందికి దించి, గోడ పట్టుకుని లేచి, చెప్పుల కోసం పాదంతో తడుముకున్నారు.

“ఎక్కడికి స్వామీ?”

“ఆస్పత్రికి.”

“మీరు నడవలేరు! అయినా, ఆమెకు ఏమవుతారని అక్కడ అడిగితే?”

“కొడుకునంటాను.”

“మీరు ఆమెకన్నా పెద్దవారు కదా!”

“అయితే ఏం? ఎవరో ఒకరు అనాలిగా.”

ఇన్నయ్య ఆయన్ని రెండు చేతులా పట్టుకుని తిరిగి మంచం మీద కూర్చోబెట్టాడు. తర్వాత వసారాలోకి నడిచాడు.

మర్తమ్మ ముట్టని మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చునుంది. అడుగుల చప్పుడుకి తలెత్తి, “ఎవరూ?” అంది.

అదే గొంతు. ఇన్నయ్య ఆమె సంచీ అందుకుని, ఆమె చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు.

ఆ చెయ్యి భుజాన్ని తడిమింది. మెడ దాకా వెళ్ళి ఆగింది.

“బాగా చిక్కిపోయావు నాయనా,” అంది మర్తమ్మ.