చిట్టిరొయ్య గుండె బయటికి ఎందుకు కనిపిస్తుంది?

ఒకప్పుడు చిట్టిరొయ్యలు బురదకన్నా నల్లగా ఉండేవి. వాటి కడుపులో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో ఒక ఎండాకాలం కొల్లేరు బాగా తగ్గిపోయింది. కిక్కిస గడ్డి మధ్య మంచమంత మడుగొకటి సరస్సునుంచి తెగిపోయి మిగిలింది. అందులో కొర్రమ్మ అనే కొర్రమీను, అప్పుడే పుట్టిన తన పిల్లలతో చిక్కుకుపోయింది.

పిల్లలు ఎర్రదారపు పోగుల్లా ఉండేవి. అమ్మ ఎటు తిరిగితే అటు ఒక్క ముద్దగా కదిలేవి.

రోజులు గడిచేకొద్దీ మడుగులో నాచు పేరుకుంది. ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోయాయి. కొర్రమ్మ పైకొచ్చి గాలి పీల్చుకునేది. పిల్లలకింకా ఆ విద్య రాలేదు. పాపం, ఆయాసపడేవి.

"ఈ చెత్త తిని నీళ్లు తేటచేసే తోడు ఒక్కరున్నా బాగుండు," అంది కొర్రమ్మ.

గట్టుమీది పీత ఆ మాట వింది. "నేను లేనా వదినా! ఆకులన్నీ తినేస్తా. పిల్లల జోలికి పోను, ఒట్టు!"

పీత మడుగులోకి దిగింది. రెండురోజుల్లో ఆకులు తగ్గాయి. పిల్లలూ తగ్గాయి.

"నా పిల్లలేరీ?"

"నాకేం తెలుసు? నేను తినేది ఆకులేగా," అంది పీత. దాని డొప్పలోపల ఏముందో ఎవరికి కనిపిస్తుంది? కానీ మాట్లాడుతుంటే నోటి అంచున సన్నటి ఎర్రతోక ఆడింది.

కొర్రమ్మ మీదపడి కొట్టి దాన్ని గట్టుమీదికి తరిమేసింది. మిగిలిన పిల్లల చుట్టూ తిరుగుతూ ఏడ్చింది. ఇక ఎవర్నీ దగ్గరికి రానివ్వకూడదనుకుంది.

ఆ మడుగులోనే గడ్డివేళ్ల మధ్య సన్నాలి అనే చిట్టిరొయ్య ఉండేది. కొర్రమ్మంటే భయపడి బయటికి వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం గున్న అనే పిల్లచేప ఊపిరాడక తేలుతూ వచ్చి అక్కడి నాచులో చిక్కుకుంది. సన్నాలి చూస్తూ ఊరుకోలేకపోయింది. గబగబా నాచు కొరికి తింటూ దారి చెయ్యసాగింది.

కొర్రమ్మకు అదేమీ తెలియదు. గున్న కనిపించడం లేదు. అక్కడ నల్లరొయ్య ఏదో నములుతోంది.

"నా బిడ్డను మింగేశావా!" అంటూ దూసుకొచ్చింది.

"లేదక్కా! నాచు తింటున్నా. పిల్ల ఇందులోనే ఉంది!"

"పీత కూడా ఇలాగే చెప్పింది. నీ కడుపులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

సన్నాలి పైకి చూసి అరిచింది. "సూరీడు తాతా, నా కడుపు అక్కకు కనిపించేలా చెయ్యి!"

సూర్యుడు మాట్లాడితే మడుగంతా వణికింది. "తల్లీ, ఆ నలుపు నీకు ముసుగు. పోతే మళ్లీ రాదు. నువ్వు తిన్నది, దాచుకున్నది, భయంతో కొట్టుకునే గుండె, అన్నీ అందరికీ కనిపిస్తాయి. ఆలోచించుకో."

సన్నాలి వెనక్కి తిరిగి చూసింది. నాచులో గున్న తోక కదలడం తగ్గిపోతోంది.

"కనిపించనీ తాతా," అంది.

ఒక్క కిరణం దిగింది. తలనుంచి తోకదాకా నలుపు పొగలా కరిగిపోయింది. వెలుగు సన్నాలి ఒంట్లోంచి పారి అడుగునున్న ఇసుకమీద మెరిసింది. గట్టుమీది కొంగ మెడ చాచి అలాగే ఉండిపోయింది. పిల్లచేపలు ఈదడం మరిచిపోయాయి.

కడుపులో పచ్చటి నాచు. అంతే. వీపుకింద ఆవగింజంత గుండె టకటకా కొట్టుకుంటోంది.

కొర్రమ్మ అంతకుముందెన్నడూ ఎవరి గుండెనూ చూసి ఎరగదు. మెల్లగా వెనక్కి జరిగింది.

సన్నాలి చివరి నాచుపోగు కొరికింది. గున్న బయటికి జారింది. ఒకసారి మెలికతిరిగింది. ఆ వెంటనే అమ్మవైపు ఈదింది.

"చెల్లీ, నిన్ను చంపేసేదాన్ని," అంది కొర్రమ్మ. "నా పిల్లలతో కలిసి ఉంటావా?"

"ఉంటానక్కా. కానీ నువ్వలా మీదికి రాకు. భయమేస్తుంది."

"తెలుస్తోందమ్మా, కనిపిస్తూనే ఉంది," అంది కొర్రమ్మ మెత్తగా.

వానలు పడేదాకా సన్నాలి నాచు తింటూ పిల్లల మధ్యే తిరిగింది. నీళ్లు తేటపడ్డాయి. కొల్లేరు పొంగి మడుగును కలుపుకుంది. ఆ ఏడాది సన్నాలి పిల్లలన్నీ గాజుముక్కల్లా పుట్టాయి.

అప్పటినుంచే చిట్టిరొయ్య ఒంట్లోంచి వెలుగు పారుతుంది. ఎండలో దోసిట నీళ్లతో పట్టి చూడండి. అది తిన్నదీ కనిపిస్తుంది, కొట్టుకునే దాని గుండె కూడా కనిపిస్తుంది.