జాబితాలో ఉన్న పేరు

అప్పలస్వామి మాస్టారికి, ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. పార్వతీపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆయన ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పరుగు నేర్పుతున్నారు. ఇప్పుడు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న నూకరత్నం ఇంటర్ నుంచీ ఆయన శిష్యురాలే. ఆమె మోకాలికి ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇక పోటీల మాటే తలపెట్టొద్దన్నాడు. అయినా తెల్లవారకముందే మెలకువ వచ్చేసేది. గ్రౌండుకి వచ్చి, పరిగెత్తేవాళ్ళను చూస్తూ గట్టు మీద కూర్చునేది.

ఒకరోజు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. పరుగు కాక ఇంకేం వచ్చని అడిగితే నోరు పెగల్లేదట.

"పరుగు తీసేస్తే నాలో ఏం మిగులుతుంది మాస్టారూ?" అంది.

ఆయన శ్రీకాకుళంలో కాలేజీల పోటీలున్నాయనీ, ఈసారి రిలే జట్టును ఆమే తీసుకెళ్ళాలనీ, తాను రావడం లేదనీ చెప్పారు.

వెళ్ళింది. ఫైనల్ రోజు పొద్దున్న, చివర పరిగెత్తాల్సిన ఝాన్సీ జ్వరంతో లేవలేకపోయింది. ఆ సంగతి చెబుదామని పేర్లు రాసుకునే అధికారి దగ్గరికి వెళితే, ఆయన జాబితా తిరగేసి, నీ పేరూ ఉందిగా, నువ్వే దిగొచ్చన్నాడు. అది ఆపరేషన్‌కి ముందు పంపిన జాబితా.

ఒక్క వంద మీటర్లు. కాలు ఆ మాత్రం ఓర్చుకోదా అనుకుంది నూకరత్నం. ఎదురుగా సున్నంతో కొత్తగా గీసిన గీతలు ఎండలో మెరుస్తున్నాయి. అధికారి రెండోసారి అడిగితే గాని తేరుకోలేదు.

"లలితకుమారి అని రాయండి సార్."

లలితకుమారి మొదటి సంవత్సరం పిల్ల. ఎందుకైనా మంచిదని వెంట తెచ్చుకున్న ఐదో మనిషి. సంగతి వినగానే, చివర పరిగెత్తడం తనవల్ల కాదంది. నూకరత్నం వరస మార్చి ఆమెను రెండో చోట పెట్టింది. రెండో చోటు వదులుకోవాల్సి వచ్చినందుకు ముఖం ముడుచుకున్న సీనియర్ పిల్లను పక్కకు తీసుకెళ్ళి నచ్చజెప్పింది. ఝాన్సీకి మందు వేయించి పడుకోబెట్టి వచ్చింది. మిగిలిన గంటలో లలిత చేత బ్యాటన్ అందుకోవడం ఇరవైసార్లు చేయించింది. పరుగు మొదలయ్యాక గీత అవతల నిలబడి, బ్యాటన్ చేతులు మారిన ప్రతిసారీ తనకు తెలియకుండానే తన చెయ్యీ చాచింది. జట్టు మూడో స్థానంలో వచ్చింది.

తిరిగొచ్చి జరిగినదంతా మాస్టారికి వరసగా చెప్పింది. ఇంకో ఇంటర్వ్యూకి పిలుపొచ్చిందని కూడా చెప్పింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. ఇప్పుడు నాకు చెప్పినట్టే అక్కడా చెప్పమన్నారు. ఆ తర్వాత, "నీకు దిగాలనిపించలేదా?" అని అడిగారు.

ఆమె గ్రౌండు వైపు చూసింది.

"ఇప్పటికీ అనిపిస్తోంది మాస్టారూ."

"అది కూడా అక్కడ దాచకు," అన్నారాయన.