సుత్తి మాట ఎలా పుట్టిందంటే

గుట్ట కింద మేకల మందకు కొత్త దడి లేస్తోంది. చుట్టుపక్కల తోడేలు తిరుగుతోందని విన్నప్పటి నుంచి పిల్లల తల్లి సన్నమ్మ మేకకు కంటి మీద కునుకు లేదు. పొద్దుగూకేలోగా గుంజలన్నీ పాతి పెడతానని ఎలుగుబంటి కొండన్న మాటిచ్చాడు.

అంతలో నక్క విశారదయ్య వచ్చాడు. దడి పూర్తి కాకుండా చూస్తే మేకపిల్లలో వాటా ఇస్తానని తోడేలు అతనికి ఆశ పెట్టింది.

"ఇనప సుత్తి లేదా కొండన్నా? ఈ కొయ్యసుత్తి ఏమిటి?"

"ఇనుముతో బాదితే వెదురు తల చీలిపోద్దయ్యా. కొయ్యయితే చీలకుండా దిగుద్ది."

"సరేలే. అసలు సుత్తి అనే మాట ఎలా పుట్టిందో తెలుసా? అది తెలీకుండా పాతిన గుంజ నిలవదు. శాస్త్రం!"

కొండన్న బెదిరిపోయి సుత్తి కింద పెట్టేశాడు.

సన్నమ్మ నక్కను గమనించింది. నక్క చూపు మాటిమాటికీ పొదల వైపు పోతోంది. సంగతి ఆమెకు అర్థమైంది. వాదిస్తే ఇంకా ఆలస్యం.

"చెప్పండి పంతులుగారూ, మా అదృష్టం! కాకపోతే మా కొండన్నది మట్టిబుర్ర. చప్పుడు లేనిదే ఏదీ తలకెక్కదు. తమరు ఒక్కో ముక్క చెప్పండి, అతనొక్కో దెబ్బ వేస్తాడు."

విశారదయ్య ఉబ్బిపోయాడు. దడి బయట చతికిలబడి, తోక వెనక్కి దడి వైపు పరచుకుని కళ్లు మూసుకున్నాడు.

"సు అంటే మంచి."

ఠప్!

"ఉత్తి అంటే వట్టిది."

ఠప్!

"మంచి వట్టిదే సుత్తి!"

"ఆహా! మరి దాని ఉపయోగాలు పంతులుగారూ?"

"వడ్రంగి ఉలి మీద కొడతాడు..." ఠప్! "గుడారం మేకులు దిగ్గొడతారు..." ఠప్!

ఎందుకు వచ్చాడో మరిచిపోయి, గొంతు పోయేదాకా చెప్పాడు. కళ్లు తెరిస్తే చీకటి పడుతోంది. దడి పూర్తయింది. తోక ఆఖరి రెండు గుంజల మధ్య ఇరుక్కుంది.

పొదల్లోంచి తోడేలు వచ్చింది. "ఏం బావా! ఆపమంటే దగ్గరుండి కట్టించావా?"

"ఆపడానికే మొదలెట్టాను బావా! మధ్యలో మాట పుట్టుక రసవత్తరంగా..."

తోడేలు నక్క చెవి పట్టి కొరికింది. నక్క కేకకు కొండన్న సుత్తి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. తోడేలు గుట్టెక్కి పారిపోయింది. నక్క కూడా సగం బొచ్చు గుంజలకు వదిలేసి లంఘించాడు.

దడి లోపలి నుంచి సన్నమ్మ పిలిచింది. "పంతులుగారూ, ఒక్కటి మరిచారు! ఆపకుండా వాగినా మా పిల్లలు సుత్తే అంటారు!"

తన మాటలకు తానే మురిసిపోయేవాణ్ణి మోసం చేయడానికి వేరే మోసగాడు అక్కర్లేదు.