నాలుగు సెకన్ల ముందు

తణుకులో కాశీపతి అనే లెక్కల మాస్టారు ఉండేవాడు. టీవీలో ఏది చూసినా ముగింపు ముందే లెక్కకట్టి పైకి చెప్పేయడం అతని జబ్బు.

ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ డాన్సు పోటీ చూసేవారు. తల్లి మహాలక్ష్మమ్మ మరమరాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని అందరికంటే ముందు కూర్చునేది. భార్య ఇందుమతి, కూతురు హంస చెరో పక్క చేరేవారు. పన్నెండు జంటలతో పోటీ మొదలైన రోజే కాశీపతి నోటుపుస్తకం తెరిచాడు. ఏ జంటైనా వేదిక ఎక్కగానే, "వీళ్ళకి ఇరవై ఆరు మార్కులు. ఇక ఇంటికే," అనేవాడు. చాలాసార్లు అలాగే జరిగేది.

"ఒరే కాశీ, వాళ్ళ కాలు లేవకముందే నీ నోరు లేస్తోందిరా," అంది తల్లి.

"లెక్క అబద్ధం చెప్పదమ్మా."

"చెప్పదు. చూడనివ్వదు కూడా," అంది ఇందుమతి.

ఫైనల్ రోజు వచ్చింది. భీమవరం నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్ళ జంటంటే మహాలక్ష్మమ్మకి ప్రాణం. మధ్యాహ్నం భోజనాల దగ్గరే కాశీపతి తేల్చేశాడు.

"సాయంత్రం దాకా ఎందుకమ్మా? నీ భీమవరం పిల్లలు రెండు మార్కుల తేడాతో ఓడిపోతారు."

ఆవిడ పెరుగన్నం సగంలో వదిలేసి లేచింది. ఆరయ్యేసరికి ముగ్గురూ మరమరాలతో సహా పక్కింటి రాజేశ్వరి గారింటికి వెళ్ళిపోయారు.

'హాయిగా ఉంది,' అనుకుని కాశీపతి ఒక్కడే టీవీ పెట్టాడు. తమ టీవీ కంటే పక్కింటి టీవీలో బొమ్మ నాలుగు సెకన్లు ముందొస్తుందని అతనికి ఆ రోజే తెలిసింది. తెర మీద పిల్ల ఇంకా పరుగెత్తుతుండగానే గోడ అవతల చప్పట్లు మోగేవి. ఆ తర్వాత ఆమె ఎగిరేది. అతను విసుగెత్తి చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

యాంకర్ ఫలితాల కవరు చేతిలోకి తీసుకుంది. కాశీపతికి సగంలో వదిలేసిన పెరుగన్నం గుర్తొచ్చింది. జన్మలో మొదటిసారి తన లెక్క తప్పాలని కోరుకున్నాడు. అంతలో గోడ అవతల తల్లి గొంతు మోగింది. ఆ గొంతు ముందు దూది ఏపాటి?

"ఒరే కాశీ, గెలిచార్రా మా పిల్లలు."

ఇక్కడ తెర మీద యాంకర్ అప్పటికింకా కవరు చించుతోంది. ఆమె గెలిచిన జంట పేర్లు చదివేసరికి, ఉలిక్కిపడి సంతోషించడానికి అతనికేమీ మిగల్లేదు.

అతను వెళ్ళి పక్కింటి తలుపు తట్టాడు. హంస తీసింది.

"పుస్తకమేది నాన్నా?"

"ఇంట్లో వదిలేశాను. నోరొక్కటే తెచ్చాను, మరమరాలు తినడానికి."

"రానియ్యవే. గెలిచినవాళ్ళు మళ్ళీ ఆడుతున్నారు," అంది లోపల్నుంచి మహాలక్ష్మమ్మ.

కాశీపతి పెదవులు బిగించుకుని గడప దాటాడు.

నలుగురూ ఎదురుచూసే సంతోషాన్ని ముందే చెప్పి చెడగొట్టకూడదు. కలిసి ఎదురుచూడటంలోనే సగం సంతోషం ఉంది.